పాట లేని సంగీతం ఎలా దక్కింది

బల్లార్‌పూర్ నుంచి రాజురా వెళ్ళే దారిలో, వార్ధా నదికి ఇవతల ఉంది బామ్ని. మా బాపు కరీంనగర్ వైపు నుంచి పేపర్ మిల్లు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగు సినిమా చూడటం మాకు పండగంత అరుదు. ఆ లోటు తీర్చింది రేడియో. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు సంక్షిప్త శబ్ద చిత్రం వేసేవి. మూడు గంటల సినిమాను గంటకు కుదించి, బొమ్మ లేకుండా ధ్వని మాత్రమే వినిపించేవి. గరగరల మధ్య చెవి ఆనించి వినేవాళ్ళం.

ఒక రాత్రి ‘పాతాళ భైరవి’ వస్తోంది. మాటలు ఆగిపోయాయి. పాట ఇంకా మొదలవలేదు. ఆ సందులో వాయిద్యాలు మాత్రమే మోగుతున్నాయి. నాకేమీ అర్థం కాలేదు. బాపు మాత్రం కళ్ళు మూసుకుని, “ఇగ గుహలకు పోతున్నరు చూడు” అన్నాడు. నిజంగానే కాసేపటికి గుహలో మాటలు వినపడ్డాయి. ఆయన ఆ సినిమా చూసి ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది. బొమ్మను ఆయనకు గుర్తు చేసింది మాట కాదు, పాట కాదు, ఆ నాలుగు వాయిద్యాల మోత.

మన సినిమావాళ్ళు దానిని రీరికార్డింగ్ అంటారు, పొట్టిగా ఆర్.ఆర్. పాటలు సినిమా తీయకముందే సిద్ధమవుతాయి. ఆర్.ఆర్. మాత్రం ఎడిటింగ్ అంతా అయ్యాక, తెర మీద బొమ్మ చూస్తూ చేస్తారు. పాటకు రికార్డు వస్తుంది, క్యాసెట్ వస్తుంది, పెళ్ళి పందిట్లో మైకు వస్తుంది. ఆర్.ఆర్. సినిమాతోనే పుట్టి, సినిమాలోనే కలిసిపోతుంది. ఆ రాత్రి నుంచి నాకు దాని మీదే ధ్యాస. ఆ వాయిద్యాల మోతను విడిగా వినాలి. వెతుక్కుంటూ పోతే దొరికిన దారి హాలీవుడ్‌కు వెళ్ళింది. అక్కడి సినిమాల్లో చాలావాటికి పాటలే ఉండవు, ఉన్నదంతా ఆర్.ఆర్.రే. మరి ఆ సంగీతం రికార్డుగా ఎప్పుడొచ్చింది? ఎవరు తెచ్చారు? నా గదిలో ఇప్పుడున్న అరనిండా డిస్కులు ఆ ప్రశ్నకు జవాబులే.

సినిమా మాట్లాడటం మొదలైన కొత్తలో సన్నివేశాల వెనక సంగీతం పెట్టడానికి నిర్మాతలు జంకేవారు. ఈ వాయిద్యాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ప్రేక్షకుడు అడుగుతాడేమోనని వాళ్ళ భయం. 1933లో వచ్చిన ‘కింగ్ కాంగ్’ ఆ భయాన్ని పోగొట్టింది. సంగీతం మాక్స్ స్టైనర్‌ది. ఉన్న పాత ముక్కలతో సరిపెట్టమని స్టూడియో అంటే, నిర్మాత మెరియన్ కూపర్ ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడని చెబుతారు. 46 మంది వాద్యకారులతో స్టైనర్ చేసిన ఆ సంగీతం లేకపోతే, ఆ పెద్ద కోతి బొచ్చు అతికించిన బొమ్మగానే కనపడేది. కోతి మీద మనకు జాలి పుట్టించింది ఆ వాద్యబృందమే.

ఆ సంగీతం నిలిచింది దేని మీద? ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఈ సంగతి మా ఊరికి చాలా దగ్గరిది.

అప్పట్లో టేపు లేదు. సినిమా ధ్వనిని కూడా ఫిల్ము మీదే, వెలుగుతోనే రాసేవారు. మైకులో పడిన శబ్దం కరెంటుగా మారుతుంది, ఆ కరెంటు ఒక సన్నని వెలుగు గీతను ఆడిస్తుంది, ఆ గీత కదిలే ఫిల్ము మీద పడుతుంది. ఫిల్మును కడిగితే ఒక పక్కన అలల్లాగానో, ముదురు లేత చారల్లాగానో ఒక పట్టీ కనిపిస్తుంది. వయొలిన్ మీద కమాను లాగిన లాగుడు అక్కడ నల్లగా ఉంటుంది. ప్రొజెక్టర్‌లో ఒక చిన్న దీపం ఆ పట్టీ గుండా వెలుగు పంపుతుంది. అవతల ఉన్న సెల్ ఆ వెలుగు హెచ్చుతగ్గులను మళ్ళీ కరెంటుగా, స్పీకరు దాన్ని మళ్ళీ శబ్దంగా మారుస్తాయి. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది.

ఫిల్ము మీద వెలుగును పట్టుకునే పూత వెండి లవణాలది. ఆ లవణాలను ఫిల్ముకు అంటించి పెట్టేది జెలటిన్. జెలటిన్ వచ్చేది పశువుల ఎముకల నుంచి, తోళ్ళ నుంచి. ఎముకలను ఆమ్లంలో నానబెట్టి ఖనిజం తీసేస్తే మిగిలేదాన్ని ఓసీన్ అంటారు. దాని నుంచే మేలైన జెలటిన్ తీస్తారు. మా బామ్ని పక్కన ఉన్న ఫ్యాక్టరీలో తయారయ్యేది ఆ ఓసీనే. ఎముకల లోడుతో వచ్చే లారీలను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఈ కాలంలో ఆ సరుకు ఎక్కువగా మందుల గొట్టాలకు, తినే పదార్థాలకు పోతుంది. అయినా ఆ లారీ ఎదురైనప్పుడల్లా నాకు స్టైనర్ వాద్యబృందం గుర్తుకొస్తుంది. మరో వింత కూడా ఉంది. కొన్ని జెలటిన్లు పూతను మిగతావాటి కంటే చురుగ్గా వెలుగుకు స్పందించేలా చేస్తాయి. ఎందుకని కోడక్ కంపెనీలో శామ్యూల్ షెపర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త 1920లలో వెతికితే, పశువులు మేసిన ఆవ మొక్కల్లోని గంధకమే కారణమని తేలింది. పశువు ఏం మేసిందన్నది కూడా ఫిల్ము చురుకును తేల్చిందన్నమాట.

ఇలా ఫిల్ము మీద రాసిన సంగీతాన్ని మాటలతో, కత్తుల చప్పుళ్ళతో, గుర్రాల డెక్కలతో కలిపి ఒకే పట్టీగా చేసేవారు. పాత్ర నోరు తెరవగానే సంగీతం తగ్గుతుంది, మూయగానే పెరుగుతుంది. మనకు డబ్బింగ్ సినిమాలు తెలుసు కాబట్టి ఇది అర్థం కావడం తేలిక. కలపకముందు మాట వేరుగా, సంగీతం వేరుగా, చప్పుళ్ళు వేరుగా ఉంటాయి. ఆ విడి సంగీతపు ఫిల్ము స్టూడియో గోదాములో ఎక్కడో ఉండాలి. ఉందా, పారేశారా అన్నదాని మీదే నేను చెప్పబోయేదంతా ఆధారపడి ఉంది.

అది బయటికి రావడానికి ముందు ఒక రికార్డు వచ్చింది. నా అరలో దాని మీద ఉన్నంత మమకారం నాకు దేని మీదా లేదు. 1942లో జోల్టాన్ కోర్డా తీసిన ‘జంగిల్ బుక్’. హంగరీ నుంచి వచ్చిన మిక్లోష్ రోజా సంగీతం. ఆ సంగీతాన్ని ఆర్కెస్ట్రాతో మళ్ళీ వాయించి, ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ 78 వేగపు పళ్ళేల ఆల్బమ్‌గా అమ్మింది. పాటల సినిమాల రికార్డులు అంతకుముందే ఉన్నాయి. పాట లేని హాలీవుడ్ సినిమా సంగీతాన్ని ఆల్బమ్‌గా అమ్మడానికి ఇదే తొలి ప్రయత్నమని చెబుతారు. వాద్యాల మధ్య కథ చెప్పే గొంతు మౌగ్లీ వేషం కట్టిన సాబూది. ఆయన మైసూరు సంస్థానంలోని కారాపుర అడవిలో పుట్టిన మావటివాడి కొడుకు. 1937 నాటి ‘ఎలిఫెంట్ బాయ్’తో ప్రపంచానికి తెలిసి, హాలీవుడ్ చేరాడు.

‘జంగిల్ బుక్’ రాసిన కిప్లింగ్ మౌగ్లీ కథలను పెట్టింది సివనీ కొండల్లో. మా బామ్ని నుంచి చంద్రపూర్, నాగ్‌పూర్ దాటి ఉత్తరానికి పోతే వచ్చేది ఆ సివనీయే. మా జిల్లాలో తాడోబా పులులుంటే, అక్కడ పెంచ్ పులులు. అంటే హాలీవుడ్ ఆర్.ఆర్. మొదటిసారి రికార్డెక్కింది మా అడవి కథతో, మన దేశపు పిల్లవాడి గొంతుతో.

ఇంకొకటి ఉంది. ఆ పళ్ళేన్ని దేనితో చేశారన్నది. 78 పళ్ళెం చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది బరువు. అంచు పట్టుకుని వెలుగుకు వంచితే గాళ్ళు నెమలికంఠంలా మెరుస్తాయి. గోటితో తట్టితే పింగాణీ కంచంలా మోగుతుంది, జారిపడితే కంచంలాగే పగులుతుంది. అందులో ఉండేది కొంత రాతిపొడి, కొంత మసి, ఇవన్నీ పట్టి ఉంచే లక్క. లక్క మధ్య భారతం, ఛోటానాగ్‌పూర్ అడవుల పంట. మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మలకు వేలకు వేలుగా పురుగులు అంటుకుని, తమ చుట్టూ కట్టుకునే జిగురు గూడు అది. దాన్ని గీకి, కడిగి, గుడ్డ సంచిలో పోసి నిప్పు సెగకు కరిగించి, పిండి, పల్చని రేకులుగా సాగదీస్తారు. ఆ రేకులనే చపడా అంటారు. పాండవుల కోసం కట్టిన ఇల్లు దేనితో కట్టారో, ప్రపంచంలోని సంగీతమంతా అర్ధ శతాబ్దం పాటు ఉన్నది దాని మీదే. ప్రపంచానికి లక్క చాలామట్టుకు మన దేశమే ఇచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ లక్క మందుగుండు సామగ్రికి కావలసి వచ్చింది. సముద్ర మార్గాలు కూడా ప్రమాదంలో పడ్డాయి. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం పౌర అవసరాలకు లక్క వాడకాన్ని 70 శాతం కోసేసింది. కొత్త రికార్డు కొనాలంటే పాతది తెచ్చి ఇమ్మని దుకాణాలు అడిగేవి. పాత రికార్డును కరిగించి కొత్తది పోసేవారు. ఆ ఆగస్టు 1 నుంచి, రికార్డుల వల్ల తమ బతుకుదెరువు పోతోందని అమెరికా సంగీతకారుల సంఘం రికార్డింగులే ఆపేసింది. సాబూ ఆల్బమ్ వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. మా మోదుగ చెట్లను చూసినప్పుడు నాకు ఈ తారీకులన్నీ గుర్తుకొస్తాయి.

యుద్ధం తర్వాత లాంగ్ ప్లే రికార్డు వచ్చింది, టేపు వచ్చింది. అయినా సినిమా కోసం వాయించిన అసలు సంగీతాన్ని అమ్మడానికి కంపెనీలు వెనకాడేవి. స్టూడియోలో వాయించిన వాద్యకారుడికి కూలి ఇచ్చింది సినిమా కోసం. అదే ధ్వనిని రికార్డుగా అమ్మితే, సంఘం నియమం ప్రకారం ఆర్కెస్ట్రాలోని ప్రతి ఒక్కరికీ మళ్ళీ డబ్బు కట్టాలి. నా దృష్టిలో ఆ నియమం న్యాయమైనదే. కష్టం వాళ్ళది. కంపెనీలు వెతుక్కున్న దారి మాత్రం వేరు. సముద్రం దాటి, తక్కువ ఖర్చులో ఇంకో వాద్యబృందంతో వాయించుకోవడం. ‘బెన్ హర్’ 1959లో వచ్చి 11 ఆస్కార్లు తెచ్చుకుంది, అందులో ఒకటి రోజా సంగీతానికి. జనం ఇంటికి కొనుక్కుపోయిన రికార్డు మాత్రం రోమ్‌లో కార్లో సవీనా చేత వాయింపించినది. రథాల పోటీ సినిమాకు వాయించిన వాద్యకారుల చప్పుడు ఆ రికార్డులో లేదు. ‘మాగ్నిఫిసెంట్ సెవెన్’ సంగతి ఇంకా వింత. 1960 నాటి ఆ సినిమా బాణీ తెలియని కౌబాయ్ అభిమాని లేడు. మనవాళ్ళు 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో గుర్రాలెక్కే నాటికి ఆ లయ ప్రపంచమంతా పాకి ఉంది. అయినా ఎల్మర్ బెర్న్‌స్టీన్ సినిమాకు చేసిన అసలు రికార్డింగ్ బజారులోకి వచ్చింది 1998లో. 38 ఏళ్ళు!

ఇంతకంటే బాధపెట్టేది మరొకటి. 1970 ప్రాంతంలో ఎం.జి.ఎం. స్టూడియో చేతులు మారి, జాగా ఖాళీ చేసే క్రమంలో, తన సంగీత గ్రంథాలయాన్ని వదిలించుకుంది. పూర్తి ఆర్కెస్ట్రా స్వరపత్రాలు, ఒక్కో వాద్యానికీ చేత్తో రాసిన కాగితాలు చెత్తగా పోయి, గుంటలు పూడ్చే నేలలో కలిసిపోయాయి. చేతికి మిగిలినవి చాలావరకు వాద్య నిర్వాహకుడు ముందు పెట్టుకునే కుదింపు ప్రతులు. వాటిలో బాణీ ఉంటుంది. ఏ వాద్యం ఎప్పుడు ఎలా పలకాలో పూర్తిగా ఉండదు. కాగితం చేసే ఊళ్ళో పెరిగినవాణ్ణి. రాసిన కాగితాన్ని మట్టిలో పూడ్చారంటే నాకు కడుపులో ఏదో మెలిపెట్టినట్టు ఉంటుంది.

సరిగ్గా అదే రోజుల్లో లండన్‌లో ఇంకో పని మొదలైంది.

ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ వియన్నాలో బాలమేధావి. పదేళ్ళు దాటకముందే పెద్ద పెద్ద సంగీతకారులు ముక్కున వేలేసుకున్నారు. 1934లో హాలీవుడ్ పిలిచింది. 1938లో ‘రాబిన్ హుడ్’ పనికి మళ్ళీ వెళ్ళిన కొద్ది వారాలకే హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు. యూదుడైన కోర్న్‌గోల్డ్‌కు తిరిగి వెళ్ళే ఇల్లే లేకుండా పోయింది. రాబిన్ హుడ్ తన ప్రాణం కాపాడాడని ఆయన చెప్పుకునేవాడు. యుద్ధం తర్వాత కచేరీ సంగీతానికి మళ్ళాలని చూస్తే, సినిమావాడని పెదవి విరిచారు. కాలం చెల్లిన సంగీతమన్నారు. 1957లో చనిపోయేనాటికి ఆయన్ను పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఆయన కొడుకు జార్జ్ కోర్న్‌గోల్డ్ రికార్డు నిర్మాత. చార్లెస్ గెర్‌హార్ట్ అనే అమెరికన్ ఆర్.సి.ఎ.లోనూ రీడర్స్ డైజెస్ట్ రికార్డులకూ పనిచేసినవాడు. లండన్‌లో రికార్డింగుల కోసం మేటి వాద్యకారులను కూడగట్టి నేషనల్ ఫిల్‌హార్మోనిక్ అనే బృందాన్ని నిలబెట్టడంలో ఆయన చేయి ఉంది. వీళ్ళిద్దరూ కలిశారు. శబ్దం పట్టింది కెనెత్ విల్కిన్‌సన్. చోటు కింగ్స్‌వే హాల్. 1972లో ‘సీ హాక్’ పేరుతో కోర్న్‌గోల్డ్ సినిమా సంగీతపు లాంగ్ ప్లే వచ్చింది. ‘సీ హాక్’ సినిమా 1940 నాటిది. 32 ఏళ్ళ తర్వాత, కత్తుల చప్పుడు లేకుండా, మాటల కింద నలగకుండా, ఆ ఇత్తడి వాద్యాలు గొంతెత్తాయి.

అప్పటి సినిమా హాల్లో ఆ బాణీ ఒక చిన్న స్పీకరు గుండా, ఒకే దిక్కు నుంచి వినబడి ఉంటుంది. గెర్‌హార్ట్ రికార్డులో బాకాలు ఒక వైపు నుంచి పిలుస్తాయి, కొమ్ములు ఇంకో వైపు నుంచి బదులిస్తాయి. మధ్యలో తంత్రీవాద్యాలు అలలా లేస్తాయి. నేను మొదటిసారి హెడ్‌ఫోన్లలో విన్న రాత్రి, తెరచాప ఎత్తిన ఓడ నా గదిలోంచి పోయినట్టనిపించింది. ఆ కింగ్స్‌వే హాల్ కింద భూగర్భ రైళ్ళు నడిచేవి. అక్కడ చేసిన రికార్డింగుల్లో మెల్లని చోట్ల ఆ ఘోష వినపడుతుందని పేరు. బల్లార్షా జంక్షన్ పక్కన పెరిగినవాణ్ణి కదా, ఆ రైలు కోసం చెవులు రిక్కించి వినడం నాకు అలవాటైపోయింది. ఒక్కోసారి గ్రాండ్ ట్రంక్ లైన్ మీద పోయే గూడ్సు చప్పుడు, లండన్ రైలు చప్పుడు ఒకటై, ఏది ఏదో తెలియదు.

ఆ రికార్డు ఎవరూ ఊహించనంత బాగా అమ్ముడుపోయింది. ఆర్.సి.ఎ. ఆ దశాబ్దమంతా వరసగా స్టైనర్, వాక్స్‌మన్, హెర్మన్, న్యూమన్, రోజా సంగీతాలతో రికార్డులు తెచ్చింది. కోర్న్‌గోల్డ్ కచేరీ సంగీతం కూడా మళ్ళీ వేదికలెక్కింది. సేకరించేవాళ్ళనే జాతి పుట్టింది ఆ వరసతోనే అని నా నమ్మకం. అంతకుముందు పాత సినిమా సంగీతం కావాలనుకునేవాళ్ళు విడివిడిగా ఉన్నారు. వాళ్ళ లెక్క కంపెనీలకు తెలిసింది అప్పుడే.

ఎల్మర్ బెర్న్‌స్టీన్ 1974 నుంచి 1979 వరకు చందాదారుల కోసం తన సొంత పూనికతో పాత సంగీతాలను మళ్ళీ వాయింపించాడు. స్వయంగా పేరున్న సంగీత దర్శకుడై ఉండి, తోటివాళ్ళ, పెద్దవాళ్ళ స్వరాలను కాపాడటానికి చేతి డబ్బు పెట్టాడు. ఈ ఒక్క పనికే ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. 1977లో ‘స్టార్ వార్స్’ వచ్చింది, జాన్ విలియమ్స్ లండన్ సింఫనీతో చేసిన జంట రికార్డు లక్షల్లో అమ్ముడైంది. పెద్ద ఆర్కెస్ట్రా పాతబడలేదని నిర్మాతలకు రుజువైంది.

ఇదంతా మళ్ళీ వాయించినది. అసలు ఫిల్ము మీది సంగీతం మాటేమిటి? దానికి వేళ వచ్చింది సీడీ కాలంలో. సినిమా సంగీతపు చరిత్రకారుడు నిక్ రెడ్‌మన్ ఫాక్స్ స్టూడియో సంగీతపు నిలవలను తవ్వాడు. 1951 నాటి ‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’ అసలు సంగీతం 1993లో బయటపడింది. బెర్నార్డ్ హెర్మన్ రెండు థెరమిన్లతో, అంటే చేయి తగలకుండానే పలికించే విద్యుత్ వాద్యాలతో, ఆకాశం నుంచి దిగినవాడికి గొంతిచ్చిన సంగీతమది. టర్నర్ కంపెనీ చేతికి వచ్చిన ఎం.జి.ఎం. ధ్వని నిలవల నుంచి రైనో కంపెనీ 1995లో ‘విజర్డ్ ఆఫ్ ఆజ్’, 1996లో ‘గాన్ విత్ ద విండ్’, ‘బెన్ హర్’ తెచ్చింది. రథాల సినిమా వాద్యకారులకు 37 ఏళ్ళకు మోక్షం.

ఈ వెలికితీతలో నన్ను అబ్బురపరిచేది ఒకటుంది. 1930లలోనే కొన్ని స్టూడియోలు ఆర్కెస్ట్రా ముందు ఒకటికి మించి మైకులు పెట్టి, ఒక్కో మైకుకు ఒక్కో ఫిల్ము విడిగా నడిపేవి. తర్వాత ఏ కోణం బాగుంటే అది, లేదా రెండూ కలిపి సినిమాకు వాడుకునేవి. స్టీరియో కోసం చేసిన పని కాదది. అరవై ఏళ్ళ తర్వాత ఇంజినీర్లు ఆ విడి ఫిల్ములను దొరకబట్టి, ఒకదానితో ఒకటి క్షణం తేడా లేకుండా జతచేస్తే, ఎడమ ఎడమగా కుడి కుడిగా విచ్చుకుంది. 1939లో వాయించిన వాద్యబృందం స్టీరియోలో! ఆ మైకులు పెట్టినవాళ్ళు దీన్ని కలలో కూడా అనుకొని ఉండరు.

అన్నిటికీ అంత అదృష్టం లేదు. 1950ల నుంచి సంగీతాన్ని అయస్కాంతపు పూత ఉన్న యాసిటేట్ ఫిల్ముల మీద పట్టారు. గాలి, తేమ, వేడి తగిలితే యాసిటేట్ విరిగి ఆమ్లం వదులుతుంది. డబ్బా మూత తీస్తే గుప్పున సిర్కా వాసన. ఫిల్ము కుంచించుకుపోయి, వంకర్లు తిరిగి, యంత్రం మీద ఎక్కదు. ఒక డబ్బాకు పడితే పక్క డబ్బాలకు కూడా అంటుతుంది, బస్తాలో కుళ్ళిన ఉల్లిగడ్డలా. అందుకే ఆ పనివాళ్ళకు ఎప్పుడూ తొందర. ఒక్కోసారి ఆ ఫిల్ము యంత్రం మీద తిరగడం అదే ఆఖరిసారి.

డబ్బు చిక్కు కూడా తీరింది ఈ కాలంలోనే. తక్కువ కాపీల డిస్కులకు సంఘం తగ్గింపు రుసుము ఒప్పుకుంది. అందుకే ఇలాంటి డిస్కులు చాలావరకు 3,000 కాపీల లోపే అచ్చవుతాయి. లూకస్ కెండల్ అనే కుర్రవాడు 1990లో టీనేజిలోనే ‘ఫిల్మ్ స్కోర్ మంత్లీ’ అనే పత్రిక మొదలుపెట్టి, తర్వాత అదే పేరున డిస్కులు తెచ్చాడు. 2013లో ఆపేనాటికి 250 అయ్యాయి. ‘బెన్ హర్’ కోసమే 2012లో అయిదు డిస్కుల పెట్టె. ఇంట్రాడా, వరేజ్ సరబాండ్, లా-లా లాండ్ కంపెనీలు ఈ తోవలోనివే. అసలు ధ్వని సరిగా దక్కని సంగీతాలకు ఇంకో వైద్యం ఉంది. జాన్ మోర్గన్ మిగిలిన కాగితాలు ముందు పెట్టుకుని స్వరం స్వరం పేర్చి రాస్తే, విలియమ్ స్ట్రోంబర్గ్ మాస్కో సింఫనీ చేత వాయింపించాడు. 1997లో ‘కింగ్ కాంగ్’ అలాగే వచ్చింది.

బామ్నిలో కూర్చుని వీటిని పోగుచేయడమంటే డిస్కు ధరను మించిన తపాలా ఖర్చు, నెలల ఎదురుచూపు. ఒకసారి ఒక విదేశీ దుకాణం పంపిన పెట్టె విప్పితే, డబ్బా చెక్కుచెదరలేదు, లోపల డిస్కు మాత్రం రెండు ముక్కలు. అప్పటికే కాపీలన్నీ అయిపోయాయి. ఇంకొకటి దొరకడానికి మూడేళ్ళు పట్టింది. డిస్కుతో ఇచ్చే చిన్న పుస్తకాన్ని ఆ మూడేళ్ళూ చదువుకుంటూ ఉన్నాను. ఏ సన్నివేశానికి ఎన్ని నిమిషాల సంగీతం, ఏ తేదీన వాయించారు, సినిమాలోంచి ఏ ముక్క తీసేశారు, అన్నీ ఉంటాయందులో. ఒక ఆర్.ఆర్. ముక్క ఏ రోజున పుట్టిందో రాసిపెట్టుకున్న జాతిని చూస్తే నాకు అసూయ కాదు, ఆశ కలుగుతుంది.

ఎందుకంటే నా అరలో ‘మాయాబజార్’ పాటలున్నాయి. సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి వదిలితే, ఘంటసాల మిగతా భారం ఎత్తుకున్న సంగీతమది. 2010లో ఆ సినిమాకు రంగులద్ది, ధ్వనిని కొత్త పద్ధతికి మార్చి థియేటర్లకు తెచ్చారు. చాలా సంతోషించాను. కానీ ఘటోత్కచుడు నడుస్తుంటే వెనక మోగే వాద్యాలు నాకు ఇప్పటికీ మాటల కిందనే దొరుకుతాయి. ‘పాతాళ భైరవి’ గుహ సంగీతమూ అంతే. ఆ సంగీతం వాయించినవాళ్ళ ఇళ్ళలో, స్టూడియోల పాత అలమరాల్లో ఒక స్వరపత్రం, ఒక డబ్బా మిగిలి ఉండవచ్చు. మద్రాసులో, హైదరాబాదులో పాత సామాను సర్దేవాళ్ళు ఎవరైనా సరే, సిర్కా వాసన వచ్చే డబ్బా కనపడితే దయచేసి పారేయకండి. చల్లని చోట పెట్టి, తెలిసినవాళ్ళను పిలవండి.

పోయిన ఫాల్గుణంలో, మోదుగలు విరగబూసిన రోజుల్లో, బాపు మంచాన పడి లేచాడు. కంటి చూపు బాగా తగ్గింది. పగలు పొద్దుపోక విసుగుపడుతున్నాడని సాబూ రికార్డింగ్ పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. గరగరల మధ్య ఆ పిల్లవాడి గొంతు ఒక్కో జంతువు పేరు చెబుతుంది, ఆ వెంటనే వాయిద్యాలు దాన్ని నడిపిస్తాయి. బాపు మొదట ఊరికే విన్నాడు. తర్వాత చెయ్యి ఎత్తి నన్ను మాట్లాడవద్దన్నాడు.

“ఏనుగులు” అన్నాడు, బరువైన ఇత్తడి వాద్యాలు వచ్చినప్పుడు. నేను డిస్కు పుస్తకం చూశాను. ఏనుగులే.

“ఈ పోరగాడు మనోడేనా?”

“మైసూరోడు బాపూ. మావటాయన కొడుకు.”

“గట్ల చెప్పు మరి” అని ఇటు తిరిగి పడుకుని, “మళ్ళ మొదటికెల్లి పెట్టు” అన్నాడు.